బిల్లుడు పొడి

మొన్న కంఠేశ్వర్‌లో పళ్ల డాక్టరు దగ్గర నన్నొక పాత కుర్చీలో కూర్చోమన్నారు. పట్టుచీర మడతలా పసుపుపచ్చగా మెరిసే బిల్లుడు కర్ర. చెయ్యి ఆనించబోయి వెనక్కి తీసుకున్నాను. పంటి నొప్పి మరిచిపోయి, మా ఆడబిడ్డ ఇచ్చిన సత్తు గ్లాసు గుర్తొచ్చింది.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. పెళ్లైన రెండో ఏడు, చెరుకు బండ్ల కాలం. వడ్రంగి అయిన మా ఆయన ఒక షావుకారు కోసం బిల్లుడు బీరువా చేస్తున్నాడు. రందాతో చిత్రిక పట్టినకొద్దీ కర్ర అద్దంలా తేలేది. సన్నటి పొడి ఇల్లంతా పరుచుకునేది. కొన్నాళ్లకు ఆయన చేతుల మీద, మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మా వైపు మచ్చ అంటే ఒకటే భయం. కుష్టు దవాఖానకు పోయినవాళ్లు ఎన్నేళ్లకు తిరిగొచ్చారో, అసలు ఎవరు రాలేదో అందరికీ తెలుసు. చూపించుకోవడానికి గడప దాటితే చాలు, ఊరే పేరు పెట్టేస్తుంది. ఆ పేరు ముందు పెట్టింది మా ఆడబిడ్డే. వాళ్లింటికి పోతే అంచు సొట్టపోయిన సత్తు గ్లాసులో నీళ్లిచ్చి, "గిది నీకే ఉంచుకో తమ్మీ, మళ్ల లోపలికి తేకు" అంది. ఆయన తాగి, గ్లాసు మా ఇంటికి తెచ్చుకున్నాడు. ఆదివారం ప్రార్థనలో మా చాప మీద మేమిద్దరమే కూర్చున్నాం.

మచ్చ మీద సూది గుచ్చితే తెలియకపోతే ఆ రోగమేనని మా వాడలో పిల్లలు కూడా చెప్పేవారు. నాలుగు రోజులు సూదిని కొంగుకు పెట్టుకుని తిరిగాను. గుచ్చాక ఆయన కదలకపోతే? చెప్పి గుచ్చితే నా కోసమైనా నొప్పి నటిస్తాడు. ఐదో రోజు మధ్యాహ్నం ఆయన గోడవైపు తిరిగి నిద్రపోతుంటే, యేసయ్యా అనుకుని మోచేతి మచ్చలో దింపాను.

"నీ తల్లి! సంపుతవానే?" అని ఎగిరి కూర్చున్నాడు.

అంత తియ్యటి తిట్టు మళ్లీ వినలేదు. ఏడుస్తూనే మెడ మీది మచ్చలోనూ గుచ్చాను. ఇంకో తిట్టు.

ఆయనకు పని నేర్పిన ముసలి ఉస్తాద్ మర్నాడు చూసి నవ్వాడు. "బిల్లుడు పొడి అందరికి పడదు బిడ్డా. నాకు గూడ గిట్లనే, గోకుడే గోకుడు. ఆ కర్ర ముట్టకు, పోతది." ముట్టలేదు, పోయింది.

అప్పుడొచ్చింది ఆడబిడ్డ. "నేనేమన్న అన్ననా పిల్లా?" అంది. అదే గ్లాసులో నీళ్లిచ్చాను. ఆ తర్వాత ఆమె వచ్చిన ప్రతిసారీ అందులోనే ఇచ్చాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు, ఆయనా లేడు. ఆ గ్లాసుతో నేనే మందుబిళ్లలు మింగుతున్నాను. తిరిగి ఇవ్వడానికి కాలం నాకెవరినీ మిగల్చలేదు.