గట్టెక్కే పాట

మా అత్తగారు పోయి నిన్నటికి పన్నెండు రోజులు. ఏలూరు ఆసుపత్రిలో, పొద్దున్న పూట, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని నేను మెట్లెక్కుతుండగా. నాట్ల పాటలు పాడే మనిషిగా మీలో కొందరికి ఆవిడ తెలుసు. ఆవిడ వెనకాల నలుగురు ఆడవాళ్లం వంత పాడేవాళ్లం. ఎడమ చివర పొట్టిగా ఉండేదాన్ని నేను, ఆవిడ కోడల్ని.

ఆవిడ ప్రోగ్రాం ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతాను. పాట వెంటనే మొదలయ్యేది కాదు. ముందు వేదిక కింద చెప్పులు విడిచేవారు. "చెప్పులేసుకుని చేలో దిగుతామా అండీ?" అనేవారు. కొంగు నడుముకి దోపి, ముందు వరసల్లో కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినీ "ఏ ఊరండీ మీది? ఎంతసేపైందండీ వచ్చి?" అని పలకరించేవారు. ఏర్పాట్లు చేసినవాళ్లు వాచీలు చూసుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

మొదలయ్యాక ఇంకో తంటా. నాట్లేసేవాళ్లు వెనక్కి నడుస్తారు కదా, ఆవిడకీ అదే అలవాటు. చరణానికో అడుగు చొప్పున మైకుని వదిలేసి వెనక్కి వచ్చేసేవారు. తాడేపల్లిగూడెంలో ఒకసారి మైకాయన స్టాండు ఎత్తుకుని ఆవిడ వెంటపడ్డాడు.

"అమ్మా, అక్కడే నిలబడండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"నిలబడిపోతే చేనెప్పుడు తెములుతుందండీ?" అన్నారు ఈవిడ, పాట మధ్యలోనే.

జనం ఒకటే నవ్వు. వేదిక వెనక్కి పడిపోకుండా ఆవిణ్ణి చూసుకోవడం మా నలుగురి పని. దగ్గరికి రాగానే నడుముకి చేతులు ఆనించి ఆపేవాళ్లం.

ఆఖర్న గట్టెక్కే పాట. చేలో ఆఖరి నారుకట్ట నాటేశాక, గట్టు మీదికి వస్తూ పాడుకునేది. మొదట్లో అడిగిన ఊళ్లన్నీ అప్పుడు బయటికి వచ్చేవి. కైకలూరు నుంచి వచ్చినవాళ్లని ఒకలా, చింతలపూడి వాళ్లని ఇంకోలా గట్టెక్కి రమ్మని పిలిచేవారు. ఎంత పొడుగు పేరైనా ఆ వరసలో అమిరిపోయేది. ఒక్కో పిలుపుకీ మేం "వస్తన్నామమ్మా, వస్తన్నాం" అనాలి, అంతే. ఆ ఒక్క పాటకి మాత్రం అందరిచేతా ఫోన్లు లోపల పెట్టించేవారు. "చేతిలో ఫోనుంటే చప్పట్లెలా కొడతారండీ?" అంటే ఎవరు మాత్రం కాదంటారు?

ఇంట్లో ఆ పాట ఎత్తేవారు కాదు, సాధనలోనూ అంతే. పని అవ్వకుండా అది పాడితే చేను తెమలదని వాళ్ల అమ్మగారి నాటి పట్టింపు. "నేర్పండి అత్తయ్యగారూ" అని ఎన్నిసార్లు అడిగానో! "పని అవ్వనీ అమ్మాయ్, తొందరేంటి" అనేవారు.

ఇరవై రెండేళ్లు వెనకాల నిలబడి విన్నావు కదా, రాలేదా అని మీరడగొచ్చు. రాలేదండీ. ఊళ్లు మారితే మాటలూ మారిపోయేవి. పైగా ఆవిడ నోరు తెరవగానే నా ధ్యాసంతా మా వంతు ఎప్పుడొస్తుందా అన్నదాని మీదే. జవాబు నేర్చుకున్నాను, పిలుపు నేర్చుకోలేదు. నా అంత బుద్ధితక్కువ మనిషి ఇంకోరు ఉండరు.

ఆసుపత్రిలో గొంతుకి గొట్టం వేశారు. మూడో రోజు సాయంత్రం ఆవిడే నా చెయ్యి గిల్లి, మంచం పట్టీ మీద వేలితో తాళం వేస్తూ పెదాలు కదిపారు. ఆ తాళం నాకు తెలుసు. గట్టెక్కే పాట. పని అయిపోయిందని ఆవిడకి తెలిసిపోయింది. ఫోను ఆన్ చేసి నోటి దగ్గర పెట్టాను. ఊపిరి చప్పుడు తప్ప మాట లేదు. పెదాలు ఆగినట్టనిపించి "వస్తన్నామమ్మా" అన్నాను. ఇంకా కాదని చెయ్యి ఊపారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ తొందరపడ్డాను. నాలుగుసార్లు అలాగే. చివరికి ఆవిడకి నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది. "రేపు చెబుదురుగాని, పడుకోండి అత్తయ్యగారూ" అన్నాను. ఎందుకన్నానో, ఏం తొందరొచ్చిందని! ఆ రేపే నేను కాఫీతో మెట్లెక్కుతున్నది. ఆ ఫోనులో ఉన్నదల్లా నా గొంతే.

మీలో ఎవరైనా ఆవిడ మాట వినకుండా, జేబులో ఫోను ఆన్ చేసుకుని ఆ పాట పట్టుకుని ఉంటే, మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను. కాళ్లకి దణ్ణం పెడతాను. చెప్పండి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, వంత పాడే మిగతా ముగ్గురూ పెరట్లో నా దగ్గరికొచ్చారు. ఆ పాట ఎత్తమన్నారు.

"నాకు రాదండీ" అన్నాను.

"కోడలివి, నీకొచ్చనుకున్నాం కదే!" అంది వాళ్లలో పెద్దావిడ.

"మీరు నాకంటే ముందునుంచీ ఉన్నారు. మీకొచ్చనుకున్నానండీ."

ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఎప్పుడూ నిలబడే వరసలో నిలబడ్డాం. ముందు ఆవిడ చోటు వదిలేశాం. ఆవిడ పిలుపుకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊరుకుని, నలుగురం ఒక్కసారే "వస్తన్నామమ్మా, వస్తన్నాం" అన్నాం. మళ్లీ ఊరుకున్నాం. ఈసారి నేను తొందరపడలేదు. మూడో పిలుపు కోసం ఆగినప్పుడు చూద్దును కదా, నలుగురి చేతులూ ముందుకి చాచి ఉన్నాయి, ఆవిడ వెనక్కి వస్తే నడుము దగ్గర ఆపడానికి.