పుంగనూరు ఆవును చూడవచ్చిన ఎంపీ

మీ ఎమ్మెల్యేను మీరు చివరిసారి ఏమడిగారు? ఇంట్లో పెళ్లికి రమ్మనా?

కొన్నేళ్ల కిందట ఒక బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పుంగనూరు పొట్టి ఆవుల్ని చూడాలని వచ్చాడు. వాళ్ల పార్లమెంటులో వ్యవసాయ కమిటీలో చాలాకాలం పనిచేసిన మనిషి. పశువులంటే ప్రాణం. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి నేను వెంట తిరిగాను. ఒక ఊళ్లో అందరూ ఆవుకు హారతి ఇస్తుంటే ఆయన వంగి పొదుగు చూసి, పాలెన్ని ఇస్తుందని అడిగాడు. అప్పుడే నాకు నచ్చాడు.

ఎవరేం చెప్పినా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని, చదివి వినిపించి, "సరిగ్గా రాశానా?" అనేవాడు.

ఆవు యజమానురాలు చేతులు జోడించింది. "మా ఊరికి బస్సు నిలిపేసినారు సామీ. మా పాప మదనపల్లె కాలేజీకి ఎట్ల పోతాది? సదువు మాన్పిస్తాండాను. మీరొక మాట సెప్పండి."

ఆయన రాసుకుని, వినిపించి, "మీ ఎమ్మెల్యేను అడిగారా?" అన్నాడు.

"అంత పెద్దాయన్ని యాల అడిగేది?"

"మా ఊళ్లో జనం గోడు వినడానికి ప్రతి శనివారం లైబ్రరీలో కూర్చుంటాను. వీధి దీపం వెలగలేదని ఒక ముసలమ్మ నన్ను నాలుగు వారాలు తిట్టింది. తిట్లు తినడం నా ఉద్యోగం."

నేను తెలుగులో చెప్పగానే ఆమె నవ్వింది. "అంతేనా అప్పా? తిట్టేది నాకు బాగా వచ్చు."

ఆయన రాసుకున్నదాన్నే నేను తెలుగులో అర్జీగా రాసిచ్చాను. ఆమె మూడు సోమవారాలు ఎమ్మెల్యే ఆఫీసు మెట్లెక్కింది. నాలుగో వారం బస్సు వచ్చింది. పాప కాలేజీకి వెళ్లింది.

ఊళ్లో కొందరు అది ఆవు మహిమ అంటారు. అర్జీ పట్టుకుని మెట్లెక్కింది ఆవు కాదు. మీ వీధిలోనూ ఆగిపోయిన పని ఒకటి ఉంటుంది. ఈ పూటే కాగితం తీసి రాయండి. రేపు మీరే వెళ్లి ఇవ్వండి.