ఆకుపచ్చ పులిహోర

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు వంటింట్లో పీట వేసుకుని పుల్లమామిడికాయ కోరుతుంటే, ఆ వాసన గోడలు దాటి ముందుగదిలో కూర్చున్న నా దగ్గరికి వచ్చి, ఏమ్మా బాగున్నావా అని పలకరించినట్టయింది. అదే గదిలో మనవలిద్దరూ టీవీ ముందు తగువులాడుకుంటున్నారు. వంటల పోటీలో వాళ్ళు మెచ్చిన కుర్రాడు ఓడిపోయాడట, గెలిచిన అమ్మాయి పులుసు పల్చగా ఉందట, జడ్జీలకి న్యాయం తెలియదట. నాకు నవ్వొచ్చింది. తిన్నవాళ్ళు అక్కడెక్కడో ఉన్నారు, మెతుకు నోట పెట్టనివాళ్ళు ఇక్కడ కొట్టుకుంటున్నారు. ఎందుకు నవ్వుతున్నావు మామ్మా అంటే, చెప్పాలంటే నూజివీడు దాకా వెళ్ళాలిరా అన్నాను.

నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. ముందు మండీ, వెనక ఇల్లు, నడుమ ఒక పెరడు. ఉగాది వెళ్ళిందంటే మా ఇంట్లో మనుషులకంటే కాయలకే చోటెక్కువ. పొద్దున్నే బాపులపాడు వైపు తోటల నుంచి బళ్ళు వచ్చేవి, వరిగడ్డి దుమ్ము, చెక్కపెట్టెలకి మేకులు కొట్టే చప్పుడు, హనుమాన్ జంక్షన్ వెళ్ళే లారీల హారన్లు, కాయలు మాగేసిన గది తలుపు తీస్తే మొహానికి కొట్టే తియ్యటి వేడి, ఇవన్నీ కలిస్తేనే మాకు వేసవి. అంత వ్యాపారం ఉన్నా మా కంచాల్లోకి మాత్రం మంచి కాయ వచ్చేది కాదు. పెట్టెకి పనికొచ్చేది పెట్టెలోకి, గాలికి రాలినదీ దెబ్బ తగిలినదీ ఇంట్లోకి. అందుకే మా ఇంట్లో మామిడికాయ పప్పు, మామిడికాయ పచ్చడి, మామిడికాయ పులిహోర, మళ్ళీ మామిడికాయ పప్పు. పిల్లలం లేత కాయలోని జీడిని రెండు వేళ్ళ మధ్య నొక్కి జారవిడిచేవాళ్ళం, అది ఎటు పడితే అటు అత్తారిల్లు అని. నాది ఎప్పుడూ గొడ్లపాకలోనే పడేది. దానికి బాబాయి నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

మండీ మా నాన్నది, ఇల్లు మా నాయనమ్మది. రత్నమ్మగారంటే వీధిలో అందరికీ ఒక భయం లాంటి గౌరవం. కాయని చేత్తో పట్టుకుని చూడకుండానే, ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి ఏ తోటదో చెప్పేది. పులిహోరకి కాయ తొక్కు తీయాలి, తీసిన తొక్కు గేదెకి వేయాలి, అది ఆవిడ చట్టం. ఆవకాయ కలిపేరోజు తెల్లవారకముందే తలంటుకుని, తడి ఆరిన చేత్తో బేసిన్ ముందు కూర్చుంటే, ఆవిడ పిలిచినవాళ్ళే ఆ బేసిన్‌లో చెయ్యి పెట్టాలి. ఒకసారి ఆవిడ ఆవకాయలో చెయ్యి పెట్టిన కోడలు ఇక ఆ ఇంటి మనిషి. మా అమ్మ పెళ్ళయిన ఏడే పెట్టిందట, ఆ మాట గొప్పగా చెప్పుకునేది.

బాబాయికి నరసాపురం వైపు సంబంధం వచ్చింది. సుందరి పిన్ని సన్నగా, నెమ్మదిగా, మాట చివర అండీ వదలకుండా ఉండేది. వచ్చిన కొత్తలో శ్రీరామనవమికి నాయనమ్మ పులిహోర చెయ్యమంది. పిన్ని వాళ్ళ పుట్టింట్లో లేతకాయని తొక్కుతో సహా కోరతారు. సువాసనంతా తొక్కులోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. అలాగే చేసింది. అన్నంలో అక్కడక్కడా ఆకుపచ్చ తునకలు కనపడగానే నాయనమ్మ చుట్టాల ముందే, "గేదెకి వెయ్యాల్సింది మాకు వడ్డించావేంటమ్మాయ్" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి పిన్నికి పొయ్యి దగ్గర పనిలేదు. బియ్యం ఏరడం, కూరలు తరగడం, గిన్నెలు సర్దడం. పిన్ని ఒకరోజు పెరట్లో నాకు జడ వేస్తూ, "ఈ ఏడు ఆవకాయలో నా చెయ్యి పెట్టనివ్వకపోతే నేనీ ఇంట్లో చుట్టాన్నేనే" అంది. జడ గట్టిగా బిగించింది, కళ్ళలో నీళ్ళు నాకో, తనకో తెలియలేదు.

టీవీ మా వీధికి వచ్చింది ఆ వేసవిలోనే. నాన్న బెజవాడ నుంచి తెచ్చాడు, నలుపు తెలుపుది, చెక్క తలుపులున్న పెట్టె. డాబా మీద యాంటెన్నా తిప్పడం బాబాయి ఉద్యోగం. రంగుల టీవీ కొనే తాహతు లేక, నాన్న దానితోపాటు ఒక ప్లాస్టిక్ కాగితం తెచ్చి తెరకి అంటించాడు. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. పొలం చూపిస్తే నిజంగానే ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా ఉండేవి. వార్తలు చదివే ఆయన జుట్టు నీలంగా, మొహం నారింజపండులా ఉండేది. అయినా వీధి వీధంతా వచ్చి, మాది కలర్ టీవీ అని ఒప్పుకునేది. చాపలు పరిచి, మంచినీళ్ళ బిందె పెట్టి, విసనకర్రలు పంచడం మా పిల్లల పని. పూజారిగారి భార్య కామేశ్వరమ్మగారు మాత్రం గుమ్మం దగ్గర సొంత పీట వేసుకుని కూర్చునేవారు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు గానీ, మా టీవీని మాత్రం ఒక్కరోజూ వదిలేవారు కాదు.

ఆడవాళ్ళ కార్యక్రమంలో వంటల పోటీ పెట్టారు. వారం వారం కొందరు ఓడిపోగా చివరికి ఇద్దరు మిగిలారు. ఒకావిడది రూపాయి బిళ్ళంత బొట్టు, రెండో ఆవిడకి కళ్ళజోడు. మాకు వాళ్ళ పేర్లు గుర్తుండేవి కావు, పెద్దబొట్టావిడ, కళ్ళజోడావిడ, అంతే. ఆఖరి పోటీకి ఇద్దరూ మామిడికాయ పులిహోరే చేయాలి. మామిడికాయ ఊళ్ళో పుట్టిన మాకు అంతకన్నా ఏం కావాలి. ఆ సాయంత్రం మండీలో మేకుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఇద్దరూ కలిపారు, రుచి చూసే పెద్దలు చెంచాలతో కొంచెం కొంచెం నోట పెట్టుకున్నారు, తల ఊపారు, పెద్దబొట్టావిడ గెలిచిందని చెప్పారు. ఎందుకు గెలిచిందో చెప్పడానికి ఆ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు, కరెంటు పోయింది.

మళ్ళీ కరెంటు వచ్చేసరికి ఏదో నాట్యం వస్తోంది. కళ్ళజోడావిడ ఎందుకు ఓడిందన్నది మా వీధి తేల్చుకోవలసి వచ్చింది.

నాయనమ్మ ఆ క్షణమే తీర్పు చెప్పేసింది. "చూశారుగా, అన్నం ఎంత ఆకుపచ్చగా ఉందో. తొక్కుతో కోరింది. అందుకే ఓడింది." నిజమే, అందరం చూశాం. పెద్దబొట్టావిడ పులిహోర నిగనిగలాడే నారింజ రంగులో ఉంది, కళ్ళజోడావిడది పచ్చటి ఆకుపచ్చ. కామేశ్వరమ్మగారు ఒప్పుకోలేదు. ఇంగువ తక్కువైందనీ, రుచి చూసినాయన ముక్కు చూస్తే తెలిసిపోయిందనీ ఆవిడ వాదన. కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఇదే మాట, పిండిమర దగ్గర ఇదే మాట. మండీలో గుమాస్తాలు కూడా రెండు జట్లయ్యారు, ఆవ పెట్టిందని కొందరూ, అన్నం ముద్దయిందని కొందరూ. రెండూ పులిహోరే కదమ్మా అన్నందుకు బాబాయికి ఆ పూట మజ్జిగ పల్చగా పడింది. పిన్ని మాత్రం తొక్కు అన్న మాట వినపడ్డప్పుడల్లా తల ఇంకొంచెం వంచుకుని కూరలు తరిగేది. వీధిలో ఎవరు ఓడినా చివరికి ఓడింది తనేనన్నట్టు ఉండేది.

మరుసటి వారం అదే కార్యక్రమంలో బహుమతులు ఇస్తూ, ఆఖరి పోటీలో ఇద్దరూ కలిపిన ముక్క మళ్ళీ కాసేపు చూపించారు. ఇల్లంతా నిండిపోయింది. పెద్దబొట్టావిడ బేసిన్ ఎత్తు బల్ల మీద ఉంది, కళ్ళజోడావిడది తెర అడుగున పొట్టి బల్ల మీద, ఆవిడ వంగి కలుపుతోంది. నాయనమ్మ వేలు చూపించి, అదిగో తొక్కు, అదిగో అంటోంది. అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిన్ని, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టుగా అంది.

"ఆవిడ చెయ్యి కూడా ఆకుపచ్చగానే ఉందండీ అత్తయ్యా."

అందరూ తెరవైపు ముందుకి వంగారు. చూస్తే నిజంగానే మోచేతి దాకా ఆకుపచ్చ చెయ్యి, ఆకుపచ్చ గాజులు, ఆకుపచ్చ బేసిన్. ముందు గుమాస్తా ఎవడో కిసుక్కుమన్నాడు, తర్వాత చాపలమీద వాళ్ళంతా పొర్లి పొర్లి నవ్వారు. కామేశ్వరమ్మగారు కొంగు నోట కుక్కుకున్నారు. నాయనమ్మ నవ్వలేదు. లేచింది, టీవీ దగ్గరికి వెళ్ళింది, ప్లాస్టిక్ కాగితం ఒక మూల గోరుతో ఊడదీసి పైకెత్తింది. కింద అన్నం బూడిద రంగు. పెద్దబొట్టావిడ అన్నమూ బూడిద రంగే. రెండూ ఒకటే. ఆవిడ కాగితం జాగ్రత్తగా మళ్ళీ అంటించి, ఎవరివైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

పిన్ని నలుగురిలో అత్తగారిని నవ్వులపాలు చేసింది, ఇక ఆవకాయ సంగతి దేవుడెరుగు. అమ్మ కూడా, ఎందుకొచ్చిన మాటే చెల్లీ అని మెల్లగా కోప్పడింది. ఆ పూట పిన్ని అన్నం తినలేదు.

తెల్లవారి నాయనమ్మ రాలిన కాయల గంపలోంచి తనే లేతకాయలు ఏరి, కడిగి, తురుముపీట తెచ్చి పిన్ని ముందు పెట్టింది. "చెయ్యి. మీ పుట్టింట్లో చేసినట్టే. అందరికీ చాలాలి." అంతే చెప్పి, నన్ను వీధిలోకి పంపింది, పులిహోర గురించి మాట్లాడిన ప్రతివాళ్ళనీ మధ్యాహ్నం భోజనానికి రమ్మనమని. అది ఆదరమో, శిక్షో మాకెవరికీ తెలియలేదు. పిన్ని మాత్రం శిక్షే అనుకుంది. అయినా తొక్కు తీయకుండానే కోరింది. పక్కన కూర్చుని చూస్తున్న నాకు, ఆ తొక్కు తెగినప్పుడల్లా లేచే వాసన, ఎండలో చెట్టు కింద నిలబడితే వచ్చే వాసన, ఇప్పటికీ గుర్తుంది. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, పల్లీలు వేగాయి. కోరు పొయ్యి మీద పెట్టకుండా, ఆరిన అన్నంలో పచ్చిదే కలిపి, పైన పోపు పోసి, ఇక నావల్ల కాదన్నట్టు పిన్ని గోడకి ఆనుకుంది.

మా ఇంట్లో ఒక పద్ధతుండేది. వంట బాగుందని నోటితో అనకూడదు, దిష్టి. బాగాలేదనీ అనకూడదు, అన్నానికి తప్పు. మారు, అంటే ఇంకాస్త వడ్డించమని, అడిగితే బాగున్నట్టు, అడగకపోతే లేనట్టు. ఆ తీర్పుకి పైకోర్టు లేదు. పైగా నాయనమ్మ ఎప్పుడూ, దేనికీ, తను వండినదానికి కూడా మారు అడగగా మేం చూడలేదు.

విస్తళ్ళు పరిచారు. గుమాస్తాలు మారు అడిగారు, నాన్న అడిగాడు, బాబాయి మరీ తొందరగా అడిగేసరికి అమ్మ నవ్వింది. పిన్ని కళ్ళు మాత్రం ఒక్క విస్తరి మీదే ఉన్నాయి. నాయనమ్మ చిన్న ముద్ద చేసింది, నమిలింది, ఇంకో ముద్ద చేసింది. తొక్కు తునక ఒకటి వేలితో పక్కకి నెట్టి, కాసేపటికి మళ్ళీ దాన్నే తీసుకుని నోట్లో వేసుకుంది. విస్తరి ఖాళీ అయింది. గుమ్మం దగ్గర పీట మీద నుంచి కామేశ్వరమ్మగారు ఆగలేక, "ఏమండీ రత్నమ్మగారూ, అయితే కళ్ళజోడావిడే గెలిచినట్టా?" అన్నారు.

"పెద్దబొట్టావిడే గెలవాలి, ఆ మాట మాటే" అంది నాయనమ్మ. తర్వాత తలెత్తకుండా, విస్తరి మధ్యలో వేళ్ళతో చోటు చేస్తూ, "ఉప్పు ఒక పలుకు తగ్గింది. కాస్త మారు పెట్టమ్మాయ్" అంది.

పిన్ని గరిటె పట్టుకుని వంగింది. వడ్డించిన పులిహోర సగం విస్తరిలో పడింది, సగం బయట పడింది.

ఆవకాయ రోజున ముక్కలు కొట్టి, తుడిచి, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి నూనె పోశాక, నాయనమ్మ మామూలుగానే బేసిన్ ముందు కూర్చుంది. పిన్ని దూరంగా జాడీలకి గుడ్డలు చింపుతోంది. ఆవిడ పేరు పెట్టి పిలవలేదు. బేసిన్ కొంచెం అటు జరిపి, పక్కన ఇంకో పీట వేసి, దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టింది. పిన్ని వచ్చి కూర్చుంది. ఆ ఎర్రటి నూనెలో రెండు జతల గాజులు చప్పుడు చేయడం, వాటి మధ్య మాట లేకపోవడం, నేను చూసిన పెళ్ళిళ్ళన్నిటికంటే ఘనంగా ఉంది. ఆ ఏడు ఆవకాయ మళ్ళీ కాయలొచ్చేదాకా నిలవుంది, ముక్క మెత్తబడలేదు. మా ఇంట్లో అప్పటినుంచి పులిహోర రెండు రకాలు, తొక్కుతో, తొక్కు లేకుండా. రెండూ ఒకే పొయ్యి మీద.

నేను ఏడో తరగతితో బడి మానేశాను, నాకు తెలిసిన చదువు ఆ వంటింటిదే. ఇప్పుడు మండీ లేదు, ఆ పెరట్లో ఎవరిదో షాపుల వరస. ఒకరి టీవీ చూడ్డానికి ఇంకొకరు చాప మీద కూర్చునే రోజులు పోయాయి, వీధంతా కలిసి ఒక వంట గురించి పోట్లాడుకునే తీరిక పోయింది. నాయనమ్మ పోయింది. కామేశ్వరమ్మగారు ఇంగువ సంగతి చివరిదాకా ఎవరి చేతా ఒప్పించుకోకుండానే పోయారు. కళ్ళజోడావిడ ఎందుకు ఓడిందో నాకు ఈనాటికీ తెలియదు. పిన్ని మాత్రం చల్లగా ఉంది, వేసవిలో ఫోన్ చేసి, ఆవకాయ పెట్టావా, చెయ్యి ఎవరెవరు పెట్టారు అని అడుగుతుంది. అటువంటి మనుషుల మధ్య పెరగనిచ్చినందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక అందరికీ పెడుతుంటాను.

ఇదంతా మనవలకి చెప్పేసరికి అన్నాల వేళయింది. మా కోడలిది వరంగల్లు. పులిహోరలో నువ్వులపొడి వేస్తుంది. మేమెప్పుడూ వేయలేదు. మొదట్లో నాకు నోట పెట్టడానికే మనసొప్పలేదు, ఆ మాట పైకి అనలేదు గానీ మొహం అనేసి ఉంటుంది. ఎందుకంటే ఇప్పటికీ నాకు వడ్డించి, వెళ్ళకుండా ఒక్క నిమిషం అక్కడే నిలబడుతుంది. ఆ రోజూ నిలబడింది. టీవీలో జడ్జీలు ఎవరికో తొమ్మిది మార్కులు వేసి, ఎందుకు వేశారో విడమరిచి చెబుతున్నారు. నేను కంచం ఖాళీ చేసి, మధ్యలో వేళ్ళతో చోటు చేసి, "కాస్త మారు పెట్టమ్మా" అన్నాను.