నాన్న తెచ్చిన సముద్రపు ఇసుక

మా చిన్నప్పుడు... నాన్న లారీ దిగగానే చేటలో రాగిపిండి పరిచి పాండిచ్చేరి గీసేవాడు. మదనపల్లె నుంచి టమాటా లోడుతో అక్కడికి పోయి వచ్చేవాడు లెండి.

"ఇట్ల సూడమ్మా... ఇది సముద్రం. దీన్ని ఆనుకోని దొరలు కట్టిన ఈదులు, దారం పట్టి గీసినట్ల ఉంటాయి. నడాన కాలవ. కాలవకి ఈ పక్క మన మాదిరోళ్లు. ఆడ లైట్‌హౌసు. దాని ముందర ఇసక... కూసుంటే లేసి రాబుద్ది కాదు."

"ఇంక సాలయ్యా నీ ఊరు, ఎసురు మరగతాండాది" అని అమ్మ చేట లాక్కునేది. వీధులూ సముద్రమూ అన్నీ సంగటిలోకే!

ఒకసారి అమ్మ కోసం తువ్వాల్లో ఇసుక మూట కట్టుకొచ్చాడు. చౌడేపల్లె పక్కన మా పల్లెలో సముద్రం ఎవరు చూశారు! అమ్మ దాన్ని మంగలంలో పోసి శెనక్కాయలు వేయించేది. "సముద్రం ఇసకలో ఏంచినవి" అని వీధంతా పంచి తెగ మురిసిపోయేది. పనయ్యాక జల్లించి డబ్బాలో దాచేది. ఏళ్ల తరబడి అదే ఇసుక...

"ఒకతూరి తోడుకోని పోతా" అన్న నాన్న, ఆ మాట తీర్చకుండానే పోయాడు.

చాలా ఏళ్లకు అమ్మను నేనే పాండిచ్చేరి తీసుకెళ్లాను. లైట్‌హౌసు ఉంది, కాలువ ఉంది, వీధులు చేటలో గీసినట్లే ఉన్నాయి. ఇసుక లేదు... ఒడ్డు పొడవునా నల్లటి బండరాళ్లు.

"ఇసక యాడమ్మా?" అంది అమ్మ. "మీ నాయన యాడ కూసున్నాడు మరి?"

నాకేం తెలుసు?

ఇంటికొచ్చి అమ్మ డబ్బా తీసి ఇసుకంతా పెరట్లో పారబోసింది. "ఇది మన వంకలో ఇసకే. ఇన్నేండ్లు నన్ను ఎర్రిదాన్ని సేసినాడు."

ఆ తర్వాత నాన్న పేరెత్తలేదు. మంగలం మళ్లీ పొయ్యి ఎక్కలేదు. ఆ కోపంతోనే అమ్మ కూడా పోయింది.

మొన్న ఫోనులో ఆ ఊరివాళ్లెవరో రాసింది చదివాను. ఇసుక ఉండేదట! రేవు కట్టాక దాన్ని సముద్రం కోసుకుపోయిందట, ఆ రాళ్లు తర్వాత వేసినవట. ఇప్పుడు కొంత ఇసుక మళ్లీ చేరిందట... ఫోటో కూడా పెట్టారు.

అయ్యో, మా డబ్బాలో చిన్న చిన్న గవ్వ ముక్కలు ఉండేవే! ఊరి వాగులో సముద్రపు గవ్వలెక్కడివి? ఆ రోజు ఆ ఒక్క ముక్క అమ్మతో ఎందుకు అనలేకపోయాను... పాడు బుర్ర!

వెతికి చూద్దామంటే మా పెరడంతా ఇప్పుడు సిమెంటు. ఇది చదివే మీలో ఎవరైనా చిన్నప్పుడు పాండిచ్చేరి ఇసుకలో ఆడుకున్నారా? పాత ఫోటో ఉంటే పెట్టండి... ఎవరికి చూపించాలో తెలియదు కానీ, పెట్టండి.