పెరుగు ముంత ఒప్పుకున్న టైర్లు

అరవైల చివర్లో మా బావ పాత కారొకటి కొని చీపురుపల్లిలో బాడుగకి తిప్పేవాడు. నేను వాళ్లింట్లోనే ఉండి కారు పనిలో సాయం చేసేవాణ్ణి. మా అక్కకి నెలలు నిండుతున్నాయి. పురిటికి ఆమెని నౌపడ దగ్గరున్న మా ఇంటికి సొంత కారులో దింపాలని బావకి మహా కోరిక. అడ్డుపడింది ఆయన తల్లి, మా అత్త. వయసులో ఉండగా ముంత నెత్తిన పెట్టుకుని ఊరూరా పెరుగమ్మిన మనిషి. తీర్పు ఒక్క ముక్కలో చెప్పేసింది.

"గరివిడి దాకా ఎళ్లొద్దాం. నా ఒళ్లో ముంతలో పెరుగు సెదరకపోతే కోడలు కారెక్కుతాది. సెదిరితే రైలే."

"పురిటికీ పెరుగుకీ సంబంధం ఏటే అమ్మా?"

"నీ పెళ్లాం నీ మొకం సూసి బాగుందనేస్తాది. పెరుగుకి మొగమాటం లేదు."

బావది ఎడ్లబండి బుర్ర. చక్రం ఎంత పెద్దదైతే గోతులు అంత చిన్నవని ఆయన లెక్క. ఎవరో జమీందారు వాడి వదిలేసిన పెద్ద విదేశీ కారు టైర్లు తెచ్చాడు. మా చక్రాలకి పట్టాయి గానీ గున్నేనుగు కాళ్లలా ఉన్నాయి. అత్త ముంత ఒళ్లో పెట్టుకుని కూచుంటే గరివిడి దారి పట్టాం. తిన్నటి రోడ్డు మీద నులకమంచం మీద పడుకున్నట్టే ఉంది. మలుపొచ్చింది. టైరు మడ్‌గార్డుకి రాసుకుని కీచుమంది, కారు పడవలా ఒరిగింది, పెరుగు అత్త చీర మీదకి దిగింది.

"ఒరే, ఇది కారేటిరా? కల్లు తాగిన ఏనుగా?"

మర్నాడు పాత సైజు టైర్లే మళ్లీ ఎక్కించాం. ఈసారి తెలివి నాది. అయిదో క్లాసుతో బడికి దండం పెట్టినవాణ్ణి కనక నా తెలివికి వాడకం తక్కువ, మెరుపు ఎక్కువ.

"గాలి దండిగా కొట్టించు బావా, మలుపులో ఒరగదు," అన్నాను.

ఒరగలేదు, నిజమే. కానీ టైర్లు ఇనప పట్టా వేసిన బండి చక్రాల్లా బిగిసిపోయాయి. గులకరాయి ఎక్కినా నా పళ్లు టకటకలాడాయి. ఇంటికొచ్చేసరికి ముంతలో మజ్జిగ.

"ఉప్పెయ్యండర్రా, తాగేద్దాం," అని, అత్త రైలు మాట ఎత్తింది.

బావ మొహం వాడిపోయింది. అరుగు మీద కూచున్న అక్క అప్పుడు నోరిప్పింది.

"అత్తా, ముంత కింద నెత్తి మీద సుట్టకుదురు ఎట్టుకునేదానివి గదా, ఎలాగుండేది?"

"పాత సీర గుడ్డే. తలకి సరిపడా సుట్టుకోవాల. పెద్దదైతే ముంత ఊగుతాది. మరీ బిగిస్తే అడుగడుక్కీ తల అదురుతాది."

"మరి కారుకి టైరు సుట్టకుదురే గదా!"

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. కారుతో వచ్చిన సైజే ఉంచి, గాలి కొంచెం తీసి, మలుపులో తిప్పి చూసి, మళ్లీ కొంచెం తీశాం. ఈసారి పెరుగు మీద మీగడ కూడా ముడత పడలేదు. అత్త ముంతని అటూ ఇటూ తిప్పి చూసి, వంక దొరక్క, "సీటు గుడ్డ మాసిపోనాది, ఉతకండి," అంది.

ప్రయాణం రోజు బావ ఎంత మెల్లగా తోలాడంటే, వెనకొస్తున్న గడ్డిబండి మమ్మల్ని దాటేసింది. బండివాడు వెనక్కి తిరిగి, "తాడు కట్టమంటారేటి బాబూ?" అన్నాడు.

"మావా," అంది అక్క బావతో, "పెరుగు ఇంటి కాడే ఉండిపోనాది. ఇంక తోలు."

తోలాడు. నౌపడ ఉప్పు మళ్లు కనబడేసరికి అక్క నా భుజం మీద తల వాల్చి గుర్రు పెడుతోంది. ఎదురుగా లారీ వచ్చినా బావ హారన్ కొట్టలేదు. పైగా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నువ్వూ కొట్టకురా నాయనా అని ఆ లారీవాణ్ణి బతిమాలాడు.