ఎనిమిదో బాటిల్లో సీసం

దెయ్యం కథలు చెప్పేవాళ్లను హాస్టల్లో ఏడిపించిన మనిషిని నేను. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. ముందు మంచి కబురు చెప్పేస్తాను: మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, ఇప్పుడు యాక్సిలరేటర్ ల్యాబులో ఉద్యోగం కూడా వచ్చేసింది! అమ్మ కంచిలి బజారంతా తిరిగి చెప్పింది. ఆ ఉద్యోగం వెనకున్న సంగతే ఇది.

ఆ ల్యాబులో నీళ్లను ఆరబెట్టి, మిగిలిన పొర మీదకు ప్రోటాన్లను మహా వేగంగా కొడతారు. అందులో ఉన్న ఒక్కో మూలకం తనదైన ఎక్స్‌రే వదులుతుంది. సీసం లాంటి బరువైనవి రవ్వంత ఉన్నా దొరికిపోతాయి. మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు కదా, ఎనిమిది నూతుల నీళ్లు తెమ్మన్నారు. అన్నీ తెస్తేనే ఉద్యోగం.

ఏడు దొరికాయి. ఎనిమిదోది మా మేనమామ జీడితోటలోది. నన్ను చూడగానే చేద తీసి వెనక పెట్టుకున్నాడు.

"ఏటే, నువ్వూ మొదలెట్టినావా? రకతం అట్టుకెల్లినోలు మల్లీ రానేదు, నీల్లట్టుకెల్లినోలు రానేదు. మా ఊరికి పిల్లనివ్వడం మానేసినారు. ఇంకేటి కావాలి మీకు?"

"ఒక్క బాటిలే మావా."

"నీ సదువు నీకాడెట్టుకో. నడు!"

బాటిల్ లాక్కుని తుప్పల్లోకి విసిరేశాడు. అత్త వాకిట్లోంచి నవ్వింది. "సైంటిస్టమ్మా, పాములుంటాయి, సూసి దిగు."

నేను దిగలేదు. సుమ్మాదేవి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని తప్పు చేశాను. సంచిలో మిగిలిన ఖాళీ బాటిల్ మీద ముందు 'మావ నుయ్యి, 8' అని రాశాను. తర్వాత పలాసలో కొన్న మినరల్ వాటర్ అందులో పోశాను.

ల్యాబులో మొదటి ఏడింటిలో సీసం జాడే లేదు. ఎనిమిదోదాంట్లో మాత్రం తెర మీద సీసం గీత నిటారుగా లేచింది.

ల్యాబు పెద్ద మా సార్. ఆయనకి నిజం చెప్పేశాను. ఉద్యోగం మర్చిపొమ్మని అరిచారు. అరిచాక ఆయనే మిగిలిన మినరల్ వాటర్, అలాంటిదే ఖాళీ బాటిల్, నా పెన్ను సిరా అన్నీ పరీక్ష చేయించారు. దేనిలోనూ సీసం లేదు. "అసలు నీళ్లు పట్టుకురా" అన్నారు.

మావకి జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. తనే చేద వేసి తోడాడు.

"ఇంద, అసలు నీల్లు. ఏటీ ఉండదు, సూసుకో."

ఆ నీళ్లతోనే బాటిల్ మూడుసార్లు కడిగి నింపుకున్నాను.

ముందటి బాటిల్ గీత, ఈ నీళ్ల గీత ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. వెంట్రుకంత తేడా లేదు. సార్ మూడుసార్లు చేయించారు. అదే గీత, అదే ఎత్తు. తప్పు ఒప్పుకున్నందుకే నన్ను ఉంచానన్నారు.

సంగతి తెలిసి మావ నూతికి చెక్కలు కొట్టేశాడు. నన్ను తోటలోకి రానివ్వడు. కంచె అవతలి నుంచే అన్నాడు:

"ముప్పై ఏల్లు తాగినాను. నా నూతిలో ఏటీ నేదు. నువ్వు రాసినావు, అదొచ్చింది."

ముందు నేనిచ్చిన బాటిల్లో మావ నూతి నీళ్లు ఒక్క చుక్క కూడా లేవు. పోసింది నేను, నాకు తెలుసు.

ఉద్యోగంలో సంబరంగానే ఉన్నాను. కాకపోతే బాటిళ్లన్నిటికీ ముందే పేర్లు రాసి పెట్టుకోవడం ల్యాబులో అందరి అలవాటు. నేను మాత్రం నీళ్లు పోశాకే రాస్తాను.