పసుపు ఫాగ్ లైట్ల కోసం కోట దాకా

చీకటి పడ్డాక ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ నాకు పెద్ద పెద్ద వలయాలు కనిపించడం మొదలై ఏడాది దాటింది. ఈ సంగతి మా ఆవిడ సుజాతకు చెప్పలేదు. చెబితే ఇక సాయంత్రాలు కారు బయటికి తీయనివ్వదని భయం. కావలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, డెబ్భైల నాటి అంబాసిడర్ ఒకటి కొని మూడేళ్ళపాటు బాగుచేయించుకున్నాను. లోపం నా కళ్ళలో లేదని, ఆ పాత హెడ్‌లైట్లలోనే ఉందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ రోజుల్లో కొత్త కారు కొనేవాళ్ళు అదనంగా డబ్బు కట్టి, పొగమంచులోనూ దారి చూపే కంపెనీ ఫాగ్ లైట్లు వేయించుకునేవారట. నా కారు ముందు బంపరు కింద వాటికోసం వదిలిన రెండు రంధ్రాలు రబ్బరు బిరడాలతో అలాగే ఉన్నాయి. అవి పెడితే అంతా సర్దుకుంటుందనుకున్నాను.

బుచ్చిరెడ్డిపాలెంలో (మేం బుచ్చి అంటాం) పాత కార్లకు వైరింగు చేసే మస్తాన్ మార్చి మొదట్లో ఫోను చేశాడు. "సార్, గూడూరు అవతల కోట అనే ఊరి దగ్గర ఒకామె ఇంట్లో పాత అంబాసిడర్ ఉండాది. మొత్తం తుప్పుపట్టి పోయింది గానీ కంపెనీ ఫాగ్ లైట్లు ఉండాయంట. రొయ్యల గుంటకి దోవ చేసేదానికి షెడ్డు పడగొడతండారు. పోతే ఈ వారమే పోండి" అన్నాడు.

తెల్లవారుతుండగా ఆరింటికి కావలి నుంచి బయలుదేరాను. నా కారు అరవై దాటితే అలిసిపోతుంది కాబట్టి నెల్లూరు చేరేసరికి ఏడుంబావు అయింది. గూడూరులో హైవే దిగి, ఇడ్లీ, కాఫీ అయ్యాక విద్యానగర్ మీదుగా కోట వైపు మళ్ళాను. ఇక్కడ రోడ్డు ఇరుకే గానీ బాగుంది. వరి పొలాలు తగ్గుతూ రొయ్యల గుంటలు మొదలవుతాయి. గుంటల్లో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్ళు తెల్లగా చిమ్ముతుంటాయి. అద్దం దించితే ఉప్పుగాలి. కావలి నుంచి కోట నూట ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. టిఫినుతో కలిపి మూడున్నర గంటలు పట్టింది నాకు.

ఆ ఇంటావిడ రమణమ్మ గారికి డెబ్భై ఏళ్ళుంటాయి. కారు ఆమె భర్తది. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని బాడుగకు తిప్పారట. ఆయన పోయి నాలుగేళ్ళయింది. రేకుల షెడ్డులో కారు నాలుగు రాళ్ళ మీద కూర్చుని ఉంది. తలుపుల అడుగు భాగం ఉప్పుగాలికి అప్పడంలా విరిగిపోతోంది. బంపరు కింద లైట్లకు మాత్రం గుడ్డ చుట్టి కట్టి ఉంది. విప్పితే పసుపు గాజు ఎక్కడా పగల్లేదు. బోల్టులకు కిరసనాయిలు పోసి నానబెట్టి, డ్యాష్‌బోర్డు మీది స్విచ్చి విప్పడానికి లోపలికి వంగాను. ఎడమ సీటు ముందు పట్టుకోవడానికి బిగించిన ఇనుప పిడి మీద క్రోమ్ పూత పూర్తిగా అరిగిపోయి, లోపలి ఇనుము నున్నగా మెరుస్తోంది. కుడివైపు స్టీరింగు కూడా అంతగా అరగలేదు.

"ఈ పక్కన ఎవరమ్మా ఇంతగా పట్టుకు కూర్చుంది?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "నేనే నాయనా" అంది. చెప్పడం మొదలుపెట్టింది. "మా ఆయనకి రేచీకటి. పొద్దు గూకితే రోడ్డు అంచు కనపడేది కాదు. బాడుగ మానుకుంటే తినేదెట్టా? అందుకే ఈ లైట్లు మద్రాసు నుంచి తెప్పించి పెట్టినాడు. అవీ చాలలా. నేను పక్కన కూర్చోని, ఎడం పక్కకి రా, ముందు బర్రెలుండాయి, మలుపొస్తాంది అని మెల్లగా చెప్పేదాన్ని. ఎక్కినోళ్ళు మొగుడూ పెళ్ళాం ముచ్చట్లాడుకుంటండారు అనుకునేవాళ్ళు. ఆరేండ్లు అట్నే తిప్పినాం."

"ఎవరికీ తెలియలేదా?"

"తెలిస్తే ఎవురెక్కుతారు? పాపం గదా అది. ఇప్పుడు తెలస్తాంది." పిడి మీద చేయి వేసింది. "వాకాడు రోడ్డులో సైకిలాయన ఒకడు. నేను చెప్పేలోపల మా ఆయన తగిలిచ్చినాడు. కాలిరిగింది. ఈ కారులోనే ఏసుకోని ఆస్పత్రికి పోయినాం. ఆ సైకిలాయన బతికినాడు, ఆ దేవుడి దయ. తెల్లారి కారు తాళం తీసకపోయి నేనే గుంటలో పారేసినా. మా ఆయన మూడు నెలలు నాతో మాట్లాళ్ళా. రొయ్యల గుంటకాడ కాపలాకి పోయినాడు. పోయేదాకా మళ్ళీ ఈ కారెక్కలా. శుక్రవారం శుక్రవారం తుడిచేవాడు గానీ తలుపు తీసేవాడు కాదు." నా వైపు తిరిగింది. "మొగోడి అన్నం ముద్ద లాక్కున్నా గదా. నేను చేసింది తప్పంటావా నాయనా?"

తరగతిలో నలభై మంది పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పినవాణ్ణి. ఆమె ప్రశ్న మాత్రం విననట్టు, చేతిలో స్క్రూడ్రైవరుతో తల వంచుకుని పని చేసుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. లైట్లు, వాటిని పట్టి ఉంచే క్లాంపులు, స్విచ్చి కలిపి నాలుగు వేలు తీసుకుంది. పిడి కూడా ఇస్తారా అంటే "అది మాత్రం వొదిలెయ్" అంది. మజ్జిగ ఇచ్చి పంపింది.

గూడూరు, నెల్లూరు మీదుగా పెన్నా వంతెన దాటి బొంబాయి రోడ్డులో బుచ్చి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. మస్తాన్ లైట్లు విప్పి వెలుగును ముందుకు తిప్పే లోపలి పళ్ళాలు తుడిచి, కొత్త బల్బులు వేసి, తుప్పును గరుకు కాగితంతో రుద్ది, విడిగా ఫ్యూజు, రిలే పెట్టి వైర్లు లాగాడు. క్లాంపులు నా కారు రంధ్రాల్లో సరిగ్గా కూర్చున్నాయి. పనికి పద్దెనిమిది వందలు. స్విచ్చి నొక్కగానే ఎదురు గోడ మీద పసుపు వెలుగు పరుచుకుంది. "సూపరుగా ఉండాయి సార్! ఇంక రాత్రంతా పోవచ్చు" అన్నాడు.

అప్పటికి ఆరున్నర దాటింది. రాత్రికి అక్కడే ఉండిపోయి ఉండాల్సింది. కానీ లైట్లు ఎలా ఉన్నాయో చూడాలన్న ఆత్రం. ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్ళానో లేదో, ఎదురుగా లారీ వచ్చింది. మళ్ళీ అవే వలయాలు, ఈసారి ఇంకా పెద్దవి. వలయాల మధ్య ఏదో నల్లగా కదిలినట్టనిపించి బ్రేకు తొక్కాను. లారీ వెళ్ళిపోయాక చూస్తే, వెనక లైటు లేకుండా ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరు. నా బంపరుకూ దానికీ మధ్య జానెడు దూరం. ఆ సందుకు పక్కనే తాడు బిగిస్తూ ఒక మనిషి.

"ఏమయ్యా, కండ్లు కనపడటంలా?" అని అరిచాడతను.

వాదించడానికి నోరు తెరిచాను. వెనక లైటు లేనిది అతనికే. కానీ నోటి నుంచి వచ్చింది వేరే మాట. "లేదన్నా. నిజంగానే కనపడటం లేదు."

అతని కోపం దిగిపోయింది. కారును పక్కకు తీయించి, చేయి పట్టుకుని రోడ్డు దాటించి, నేను ఫోను చేస్తే మస్తాన్ వచ్చేదాకా నాతో నిలబడ్డాడు. అక్కడి నుంచే సుజాతకు ఫోను చేసి ఏడాది నుంచి దాచింది మొత్తం చెప్పాను. ఆమె అంతా వింది. తర్వాత, "పొద్దున ఫస్టు బస్సుకే వస్తా. అందాకా మీరు కారు ముట్టుకోకండి" అంది. ఆ రాత్రి బుచ్చిలో ఏడొందల గదిలో పడుకున్నాను. మర్నాడు పట్టపగలు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నెల్లూరు కంటి ఆస్పత్రికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏడాది కిందటే రావాల్సింది అన్నారు డాక్టరు. ఇది రాసేనాటికి కుడికంటికి ఆపరేషన్ అయింది.

శుక్లాలని తెలిసిన రోజే ఆస్పత్రి వరండాలో కూర్చుని రమణమ్మ గారికి ఫోను చేశాను. ట్రాక్టరు సంగతి, నా కళ్ళ సంగతి చెప్పి, "మీరు చేసింది తప్పు కాదమ్మా. నిన్ననే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు" అన్నాను.

"ఈ ఒక్క మాట మా ఆయన నోట ఇందామని పదేండ్లు చూసినా నాయనా" అంది. ఆ వెంటనే, "సరే, కంట్లో చుక్కల మందు టయానికి ఏసుకో" అని పెట్టేసింది.

పాత కారుకు అసలైన సామాను వెతికి బిగించుకోవడంలో ఒక సుఖం ఉంది. ఖాళీగా ఉన్న రంధ్రంలో దానికోసమే చేసిన బోల్టు వెళ్ళి కూర్చుంటే, ఎప్పుడో ఆగిపోయిన పని ఒకటి పూర్తయినట్టుంటుంది. మనుషులకు మాత్రం అలా విడిభాగాలు దొరకవు. ఉన్న లోపాన్ని ఉన్నట్టు ఒప్పుకుని, పక్కనున్న వాళ్ళకు చెప్పాలి. నేను ఆ చిన్న పనికి ఏడాది తీసుకున్నాను. ఇక ఈ దారిలో సామాను కోసం వెళ్ళేవారికి ఒక్క మాట: కోటలో విప్పడానికి ఒక రోజు, బుచ్చిలో బిగించడానికి మరో రోజు పెట్టుకోండి, మధ్యలో రాత్రికి నెల్లూరులో గది తీసుకోండి. తుప్పుపట్టిన బోల్టు తొందరపడితే విరుగుతుంది. చీకట్లో తొందరపడితే ఇంకేం విరుగుతుందో చెప్పలేం.